గాంట్లెట్ కింద పడేస్తే ఓడిపోయినట్టా, కయ్యానికి పిలిచినట్టా?

కావలి కుర్రోడు
అందరికీ నమస్కారం. నెల్లూరులో రూం తీసుకుని బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి పోతున్నా. నిన్న మాక్ టెస్టులో ఒక బిట్టు వచ్చింది. ‘ద ఛైర్మన్ త్రూ డౌన్ ద గాంట్లెట్’ అంటే అర్థం ఏంటని. ఆప్షన్లు నాలుగు: ఓటమి ఒప్పుకున్నాడు, సవాలు విసిరాడు, రాజీ పడ్డాడు, రాజీనామా చేశాడు. మా సార్ మొదటిదే కరెక్టన్నాడు. ఆయుధం కింద పడేశాడంటే చేతులెత్తేసినట్టే కదరా అని లాజిక్ కూడా చెప్పాడు. నా పక్క బెడ్ వాడు మాత్రం కాదు, సవాలు విసరడమే అంటాడు. రాత్రి భోజనాల దాకా అదే గొడవ.

ఇంకో డౌటు. ‘టేక్ అప్ ద గాంట్లెట్’ అని కూడా ఉందంట. పడేయడం ఎప్పుడు, తీసుకోవడం ఎప్పుడు? ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి. మాక్‌లో మార్కు పోతే పోయింది, మెయిన్స్‌లో పోకూడదు.

పెన్నా ఇసుక
నీ పక్క బెడ్ వాడికి ఒక మలైకాజా ఇప్పించు తమ్ముడూ. వాడు చెప్పిందే కరెక్టు.

సింగరాయకొండ మాస్టారు
నాయనా, మీ సార్ ‘పడేయడం’ అనే మాట దగ్గర జారారు. మనకి కింద పడేయడం అంటే వదిలేయడం. అప్పటి యూరప్ యోధుడికి అది తలపడదాం రమ్మని పిలవడం.

గాంట్లెట్ అంటే యుద్ధ కవచంలో చేతికి వేసుకునే తొడుగు. లోపల తోలు, పైన ఒకదాని మీద ఒకటి కూర్చిన ఉక్కు రేకులు. వేళ్ల నుంచి మణికట్టు దాటి పైకి వస్తుంది. ఫ్రెంచిలో చేతి తొడుగుని ‘గాన్’ అంటారు, అందులోంచి పుట్టిన మాట ఇది. ఒకడు ఇంకొకడి మీద నింద వేశాడనుకో, లేదా పదిమందిలో పరువు తీశాడనుకో. మాట పడ్డవాడు ఆ తొడుగు ఊడదీసి అందరూ చూస్తుండగా వాడి కాళ్ల ముందు పడేస్తాడు. నాతో తలపడతావా అని అడిగినట్టు. అవతలివాడు వంగి దాన్ని చేతిలోకి తీసుకుంటే, సరే తలపడతా అన్నట్టు. ఇద్దరూ నోరు విప్పక్కర్లేదు. తీసుకోకుండా పక్కకి తప్పుకుంటే మాత్రం పరువు అక్కడే పోయింది.

కాబట్టి త్రో డౌన్ ఒకడి పని, టేక్ అప్ ఇంకొకడి పని. పిక్ అప్ అన్నా తప్పు లేదు. మధ్యలో ‘ద’ని మాత్రం వదలొద్దు. ‘ఎ గాంట్లెట్’ అని రాస్తే నువ్వు ఎక్కడో పాత ఇనుప సామాను కొన్నావనుకుంటారు.

మీ సార్‌ని క్లాసులో లేచి అడగొద్దు. అయిపోయాక పక్కకి పిలిచి చెప్పు. నేనూ ముప్పై ఏళ్లు బోర్డు ముందు నిలబడ్డవాణ్ణే, అడిగే తీరులో తేడా ఉంటుంది.

డెస్క్ మనిషి
మాస్టారు చెప్పిందానికి చిన్న చేర్పు. తమ్ముడి సార్ బుర్రలో ఉన్నది బహుశా ‘త్రో ఇన్ ద టవల్’ అయ్యుంటుంది. బాక్సింగ్‌లో తన మనిషి ఇక దెబ్బలకి తట్టుకోలేడు అనిపిస్తే, మూలన నిలబడ్డ సహాయకుడు తువ్వాలు రింగులోకి విసిరేస్తాడు. ఆట ఆగిపోతుంది. చేతులెత్తేయడం అంటే అది. రెండింట్లోనూ ‘త్రో’ ఉంది, రెండింట్లోనూ గుడ్డో తొడుగో ఏదో ఒకటి కింద పడుతుంది. పేపరు సెట్ చేసేవాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టేది అందుకే.

పత్రికలో పని చేస్తాను కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి. ఒకసారి ఏజెన్సీ వార్త అనువాదంలో, పేరెందుకు గానీ, ఒక ఎడిషన్‌లో ‘ప్రతిపక్ష నేత ఇనుప చేతి తొడుగును స్వీకరించారు’ అని అచ్చయింది. ఆయనకి ఎవరో సన్మానం చేసి జ్ఞాపిక ఇచ్చారనుకున్నారు జనం.

పెన్నా ఇసుక
శాలువా కూడా కప్పి ఉంటారులే అన్నా.

ఒంగోలు లాయరు
మాస్టారు చెప్పిన ఆచారం ఏ రాజుల కాలంతోనో పోయిందనుకుంటున్నారేమో. కోర్టులో, జడ్జీల ముందు, లాయర్లు ఉండగా ఒకడు నిజంగానే తొడుగు కింద పడేసిన కేసు ఉంది. అదీ 1817లో. మాకు లా చదివేటప్పుడు ఒక సీనియర్ చెప్పారు, అప్పటి నుంచి వదల్లేదు నన్ను.

బర్మింగ్‌హామ్ దగ్గర మేరీ యాష్‌ఫర్డ్ అనే అమ్మాయి చనిపోయింది. అంతకు ముందు రాత్రి డాన్సులో ఆమెతో ఉన్న ఏబ్రహాం థార్న్‌టన్ మీద హత్య కేసు పెట్టారు. జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. ఊరంతా మండిపడింది. అప్పట్లో ఇంగ్లండ్ చట్టంలో ఒక పాత దారి మిగిలే ఉంది. చనిపోయినవాళ్ల దగ్గరి బంధువు సొంతంగా మళ్లీ కేసు నడపొచ్చు. మేరీ అన్న విలియం ఆ దారి పట్టుకున్నాడు. కేసు లండన్‌లో కింగ్స్ బెంచ్ కోర్టుకి వచ్చింది.

ఇక్కడే అసలు సంగతి. పాత దారికి పాత జవాబు కూడా ఉంటుంది. నువ్వు దోషివా కాదా అని అడిగితే థార్న్‌టన్ ‘కాదు, నా శరీరంతో దాన్ని నిరూపించుకోవడానికి సిద్ధం’ అని, ఒక చేతికి తొడుగు వేసుకుని, రెండోది కోర్టు హాల్లో నేల మీద పడేశాడు. అంటే నాతో ద్వంద్వయుద్ధానికి రా, దేవుడు ఎవరి పక్షమో తేలిపోతుంది అని. విలియం సన్నగా, బక్కగా ఉండే కుర్రాడు. థార్న్‌టన్ దిట్టమైన మనిషి, ఇటుక పని, తాపీ పని చేసేవాళ్ల ఇంట్లోవాడు. విలియం తొడుగు తీసుకోలేదు. అతని లాయర్లు ఇది ఈ కాలంలో చెల్లదని నెలల తరబడి వాదించారు. 1818 ఏప్రిల్‌లో జడ్జీలు ఏమన్నారంటే, మాకు నచ్చినా నచ్చకపోయినా చట్టంలో ఉంది, పోరాటం అడిగే హక్కు అతనికి ఉంది అన్నారు. విలియం వెనక్కి తగ్గాడు. థార్న్‌టన్ బయటికి నడిచి వచ్చేశాడు. మరుసటి ఏడు, 1819లో, పార్లమెంటు ఆ చట్టాన్నే ఎత్తేసింది.

కాబట్టి తమ్ముడూ, మీ సార్ లాజిక్‌తో చూస్తే థార్న్‌టన్ తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆయన చేసింది దానికి సరిగ్గా తలకిందులు.

కలిగిరి కోడలు
లాయరు గారూ, ఆ చనిపోయిన అమ్మాయికి మాత్రం న్యాయం జరగలేదు కదా. బలం ఉన్నవాడు తొడుగు పడేస్తే బక్కవాడు తీసుకోలేకపోతే అది పిరికితనమా? నాకైతే విలియం చేసింది తప్పనిపించడం లేదు. చెల్లెలు పోయింది, తనూ పోవాలా?

ఒంగోలు లాయరు
అమ్మా, మీరన్నది నిజం. పార్లమెంటు కూడా అదే అనుకుంది, అందుకే మరుసటి ఏడే చట్టం తీసేసింది.

డెస్క్ మనిషి
దానికి కాస్త తర్వాత ఇంకో తమాషా. ఇంగ్లండ్ రాజు పట్టాభిషేకం విందులో ‘రాజు గారి యోధుడు’ అని ఒకాయన నిండు కవచంతో గుర్రం మీద వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లోకి వచ్చి, ఈ రాజుని కాదనేవాడు ఎవడైనా ఉంటే రండి అని మూడుసార్లు గాంట్లెట్ పడేసేవాడు. డైమోక్ అనే కుటుంబానికి వంశపారంపర్యంగా వచ్చిన పని. చివరిసారి జరిగింది 1821లో, నాలుగో జార్జికి. అసలు హక్కుదారు చర్చి ఫాదర్ కావడంతో ఆయన కొడుకు వచ్చాడు. గుర్రాన్ని సర్కస్ కంపెనీ నుంచి తెచ్చారంట, జనం గోలకి బెదరదని. ఎవరూ తొడుగు తీసుకోలేదనుకోండి. రాజు బంగారు గిన్నెలో తాగి అతని ఆరోగ్యం కోరాడు, గిన్నె అతనికే ఇచ్చేశాడు.

ఎవడూ తీసుకోడని తెలిసి పడేసే సవాళ్లు మన దగ్గరా తక్కువేం లేవు. ఎన్నికల ముందు ‘దమ్ముంటే బహిరంగ చర్చకు రండి’ అని ప్రెస్‌మీట్లు రోజుకి రెండు వస్తాయి మా డెస్క్‌కి.

కావలి కుర్రోడు
అమ్మో, ఇంత కథ ఉందా. థాంక్యూ మాస్టారూ, థాంక్యూ లాయర్ సార్. ఇంకో బిట్టు కూడా ఉంది ఇందులో. ‘రన్ ద గాంట్లెట్’ అని. అది కూడా సవాలు స్వీకరించడమేనా? తొడుగు పట్టుకుని పరిగెత్తడమా?

సింగరాయకొండ మాస్టారు
కాదు నాయనా. చూడటానికి కవలపిల్లల్లా ఉన్నా రెండింటికీ చుట్టరికం లేదు. దీని మూలం స్వీడిష్ మాట, ‘గాట్‌లోప్’. గాట అంటే వీధి, లోప్ అంటే పరుగు. 17వ శతాబ్దంలో సైన్యంలో ఒక శిక్ష ఉండేది. తప్పు చేసిన సైనికుణ్ణి రెండు వరుసల మధ్య నడిపిస్తారు, అటూ ఇటూ ఉన్నవాళ్లు కర్రలతో, తాళ్లతో కొడుతూ ఉంటారు. ముప్పై ఏళ్ల యుద్ధం రోజుల్లో ఇంగ్లీషువాళ్లు ఆ మాట తెచ్చుకున్నారు. వాళ్ల నోట్లో నలిగి నలిగి, అప్పటికే ఉన్న గాంట్లెట్ రూపంలోకి వచ్చి కూర్చుంది. అమెరికాలో కొందరు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తీసేసి వేరుగా రాస్తారు, కానీ పరీక్షలో ఆ తేడా మీద ఆధారపడొద్దు.

అర్థం: నాలుగు వైపుల నుంచీ దెబ్బలో, తిట్లో, ప్రశ్నలో పడుతుంటే వాటి మధ్య నుంచి బయటపడటం. ఇందులో సవాలు లేదు, ఒప్పుకోవడం లేదు. నీ ఇష్టంతో పని లేదు.

పెన్నా ఇసుక
అర్థమయ్యేట్టు చెప్తా. లగేజీతో నెల్లూరు బస్టాండు గేటు దాటి బయటికి రా. అటూ ఇటూ ఆటోవాళ్లు. ‘మాగుంట లేఅవుటా అన్నా, మైపాడు గేటా, మూలాపేటా’ అని ఒకడు సంచి పట్టుకుంటాడు, ఒకడు చెయ్యి పట్టుకుంటాడు. రోడ్డు చేరేదాకా నువ్వు చేసింది రన్నింగ్ ద గాంట్లెట్. ఎవడూ నీ మీద సవాలు విసరలేదు, నువ్వూ సై అనలేదు. వాయింపు మాత్రం తప్పలేదు.

సింగరాయకొండ మాస్టారు
ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

గిత్తలబాబు
పొలం పని అయ్యి ఇప్పుడే చూస్తున్నా. సవాలు మాట వచ్చింది కాబట్టి నాదీ ఒకటి. ‘టేక్ ద బుల్ బై ద హార్న్స్’ అంటారు గదా, ఎద్దుని కొమ్ములు పట్టి లొంగదీయడం, కష్టానికి ఎదురెళ్లడం అని. ఇది రాసినవాడు ఒంగోలు గిత్తని చూసి ఉండడు. మా జాతి గిత్తకి కొమ్ములు పొట్టి, మొద్దుగా ఉండి పక్కకి, వెనక్కి పోతాయి. పట్టుకోవడానికి ఏముంది అక్కడ? పట్టుకోబోయినవాడు గంగడోలు కింద తేలతాడు. గిత్త మాట వినాలంటే ముకుతాడు పట్టాలి, పగ్గం పట్టాలి. మా నాయన ఎప్పుడూ కొమ్ముల జోలికి పోనిచ్చేవాడు కాదు.

బండలాగుడు పందేల్లో కూడా అంతే. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని గిత్తల వయసుని బట్టి విభాగాలు పెడతారు. ఒక విభాగంలో బండ బరువు అందరికీ ఒకటే, ఇచ్చిన నిమిషాల్లో ఎవరి జత ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. నా జత ముందు ఇంకొకడి జత నిలబడి కాలు దువ్వదు. ఎవడి లాగుడు వాడిది.

ఇంకో మాట కూడా చెప్పాలి. బ్రెజిల్‌లో మన గిత్తల సంతతిని ‘నెలోర్’ అంటారు. ఒంగోలు ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి మా గిత్తకి మీ ఊరి పేరు పడింది. నెల్లూరువాళ్లు దీనికి ఇప్పటిదాకా థాంక్స్ చెప్పలేదు.

పెన్నా ఇసుక
గిత్త మీది, పేరు మాది, మాంసం బ్రెజిల్‌ది. లెక్క సరిపోయింది బాబాయ్.

సింగరాయకొండ మాస్టారు
గిత్తలబాబు గారు తెలియకుండానే అసలు తేడా చెప్పారు. కొమ్ముల సామెతలో ఉన్నది కష్టం. గాంట్లెట్ సామెతలో ఉన్నది మనిషి. ఎదురుగా ఒకడుండాలి, వాడు ముందు తొడుగు పడేయాలి. ఎవరూ పడేయకుండా నువ్వు వంగి తీసుకోవడానికి నేల మీద ఏమీ ఉండదు. ‘గ్రూప్స్ పరీక్ష రాయాలని గాంట్లెట్ అందుకున్నాను’ అని రాస్తారు పిల్లలు. పరీక్ష నిన్ను ఎప్పుడు పిలిచింది నాయనా? దానికి మన తెలుగులో నడుం బిగించాను, కంకణం కట్టుకున్నాను అంటాం. సై అనడం వేరు. అవతలివాడు ‘రా చూసుకుందాం’ అన్నాకే సై అంటాం.

మైపాడు రొయ్య
మాస్టారూ, ఇది మరీ పట్టుదలగా ఉందే. మాకు 1990ల్లో టైగర్ రొయ్యకి తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులు ఖాళీ అయిపోయినాయి. పొద్దున గట్టు మీదికి పోతే రొయ్యలు అంచుకి వచ్చి తేలి ఉండేవి, పెంకు మీద తెల్లటి చుక్కలు. అమ్ముకునేది లేదు, తినేది లేదు. చాలామంది చెరువులు పూడ్చి మళ్లీ వరి వేసుకున్నారు. ఇంకొందరు మాత్రం అట్టాగే నిలబడి, 2009 తర్వాత వనామీ అనే కొత్త రకం రొయ్య వస్తే దానికి మారారు. వాళ్లు గాంట్లెట్ అందుకున్నట్టు కాదా? వైరస్ పిలవకపోతే ఎవరు పిలిచినట్టు?

సింగరాయకొండ మాస్టారు
మీ కష్టం ముందు నా వ్యాకరణం ఎంత గానీ, నా మాట మాత్రం అదే. వైరస్‌కి చేతులూ లేవు, తొడుగూ లేదు.

డెస్క్ మనిషి
ఇక్కడ మాస్టారితో నేను విభేదిస్తాను. ఇప్పటి ఇంగ్లీషు పత్రికల్లో వాతావరణ మార్పు, ద్రవ్యోల్బణం, కరోనా అన్నీ గాంట్లెట్ పడేస్తున్నాయి. నిఘంటువులు కూడా ‘సవాలును స్వీకరించడం’ అని ఊరుకుంటాయి, ఎదురుగా మనిషే ఉండాలని షరతు పెట్టవు. వాడుక వదులైంది. మనకీ అంతే జరిగింది కదా. ‘సవాల్’ ఉర్దూలో ఇప్పటికీ ప్రశ్న. మన దగ్గరికొచ్చి తొడగొట్టడం అయింది. ఏ మాస్టారు ఆపగలిగారు?

అయితే ఒకటి. వదులైందని మంచి వాక్యం అయిపోదు. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఈ మాటకి ఉండే పదును వైరస్‌కి వాడినప్పుడు ఉండదు. పరీక్షలో ఎలా వాడినా మార్కు వేస్తారు. వ్యాసంలో అయితే నేను మాస్టారి పక్షమే.

మైపాడు రొయ్య
అంటే మళ్లీ మాస్టారే గెలిచినట్టు. కానీండి.

ఒంగోలు లాయరు
మాస్టారి షరతుకి మన జిల్లాలోనే ఉదాహరణ ఉండగా ఎక్కడో ఎందుకు వెతకడం? టంగుటూరి ప్రకాశం పంతులు గారు. 1928 ఫిబ్రవరి, సైమన్ కమిషన్ వచ్చిన రోజు. మద్రాసు హైకోర్టు దగ్గర కాల్పుల్లో ఒకతను చనిపోయాడు. శవాన్ని చూడాలని పంతులు గారు ముందుకి నడిచారు. కదిలితే కాలుస్తాం అని తుపాకీ గురిపెట్టారు. ఆయన గుండె చూపించి ముందుకే వెళ్లారు. ఆంధ్రకేసరి అయింది అక్కడే. తుపాకీ గురిపెట్టినవాడు తొడుగు పడేశాడు, వినోదరాయునిపాలెంలో పుట్టిన మనిషి వంగి తీసుకున్నాడు. ఇంతకన్నా శుద్ధమైన ఉదాహరణ ఇంగ్లండ్‌లో కూడా దొరకదు.

పెన్నా ఇసుక
నాకు అట్టా అనిపించలేదు సార్. గురిపెట్టడం పోలీసు రోజూ చేసే పని. గుండె ముందుకి పెట్టి ‘ఇప్పుడు కాల్చు’ అన్నట్టు నిలబడ్డాక బంతి అవతలివాడి కోర్టులో పడింది. వాడు కాల్చలేకపోయాడు. అంటే తొడుగు పడేసింది పంతులు గారు, తీసుకోలేకపోయింది పోలీసు.

ఒంగోలు లాయరు
ఇది బాగుంది. అప్పీలుకి వెళ్లొచ్చు దీని మీద.

డెస్క్ మనిషి
రెండూ ఒకేసారి జరగొచ్చు. తీసుకున్నవాడే వెంటనే తనది పడేయడం.

గిత్తలబాబు
పాత కథలకి పోతే కాటమరాజు, ఖడ్గ తిక్కనల గొడవ కూడా ఉంది గదా. మా వైపు గొల్ల సుద్దులు చెప్పేవాళ్లు రాత్రంతా చెప్పేవాళ్లు. కరువొచ్చి కాటమరాజు ఆవుల మందల్ని నెల్లూరు రాజు మనుమసిద్ధి బీళ్లలోకి తోలుకొచ్చాడు. పుల్లరి, అంటే మేత పన్ను, దగ్గర తేడా వచ్చింది, కట్టనన్నాడు. రాజు సైన్యంతో ఖడ్గ తిక్కనని పంపించాడు. మొదటి పోరులో ఓడి ఇంటికి తిరిగొచ్చాడు తిక్కన. స్నానానికి పోతే భార్య ఆడవాళ్లకి పెట్టినట్టు మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద కూడా పెట్టింది. ఇదేంటంటే, పగవాడికి వీపు చూపించి వచ్చావు, ఇప్పుడు ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లమయ్యాం అంది. తల్లి విరిగిన పాలు వడ్డించింది. మళ్లీ పోయి పోరాడి చచ్చిపోయాడు. ఆ పసుపు ముద్దే గాంట్లెట్ అని నేనంటా.

కలిగిరి కోడలు
బాబు గారూ, కథ బాగా చెప్పారు గానీ నాకు ఆ కథ ఎప్పుడూ మింగుడు పడలేదు. ఓడి, గాయాలతో ఇంటికి వచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా ‘నువ్వూ ఆడదానివే’ అని దెప్పడమా? ఆడదానివి అన్నదే తిట్టు అక్కడ. తరతరాలు దాన్ని వీరగాథ అని చెప్పుకున్నాం.

నేను కాపురానికి వచ్చింది దూబగుంట పక్క ఊరికి. మా అత్త సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో రాత్రి బడికి పోయేది. వాచకంలో సారా తాగే మొగుడి కథ ఒక పాఠం ఉండేదంట. అది చదివి ఆడవాళ్లు ముందు సొంత ఊళ్లో కొట్టు మూయించారు. ఆ ఉద్యమంలో ముందు నిలబడ్డ దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు, కానీ ప్రతి ఊళ్లో ఒక రోశమ్మ ఉండేది అంటుంది మా అత్త. సారా ప్యాకెట్లు వచ్చే జీపుని ఆపేవాళ్లు. కారంపొడి కొంగున కట్టుకుని పోయేవాళ్లు. తాగొచ్చినవాళ్లకి చీపుర్లతో సన్మానం. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు జరగనివ్వకపోతే వాయిదా మీద వాయిదా వేశారు. 1993 ఏప్రిల్‌లో ముందు మన జిల్లాలో సారా ఆపారు, ఆ అక్టోబరులో రాష్ట్రమంతా.

మాస్టారూ, మీ షరతు ప్రకారం దీన్ని ఏమంటారు? ఎవరు పిలిచారు వాళ్లని? ఎవరూ పిలవలేదు, చూడనైనా లేదు. నడుం బిగించారనే అంటారా?

సింగరాయకొండ మాస్టారు
అమ్మా, మొదటి రోజు సొంత ఊళ్లో కొట్టు మూయించినప్పుడు నడుం బిగించడమే. ఇంగ్లీషులో కూడా దానికి గాంట్లెట్ అనను. కానీ వేలం పాటల దగ్గర కథ మారింది. వేలం అంటే ప్రభుత్వం, కాంట్రాక్టరు కలిసి ‘మా పాట జరుగుతుంది, ఎవరు ఆపుతారో చూస్తాం’ అని పోలీసుల్ని పెట్టి కూర్చోవడం. మళ్లీ తేదీ వేశారంటే మళ్లీ తొడుగు పడ్డట్టు. మళ్లీ వచ్చి కూర్చున్నారంటే మళ్లీ తీసుకున్నట్టు. ‘ద విమెన్ ఆఫ్ నెల్లూర్ టుక్ అప్ ద గాంట్లెట్’ అని వేలం పాటల గురించి రాస్తే నేను ఎర్రపెన్ను తియ్యను.

కలిగిరి కోడలు
మా అత్తకి చదివి వినిపించా. ‘తొడుగు ఎవురికి కావాలి, ఆ రోజు చేతిలో పొరక ఉండింది’ అంటోంది.

మైపాడు రొయ్య
అత్తమ్మకి దండం పెట్టానని చెప్పక్కా.

కావలి కుర్రోడు
సార్లూ, అక్కా, నేను ఒక బిట్టు అడిగితే ఎక్కడికో తీసుకుపోయారు. క్లాసయ్యాక సార్‌ని కలిశా, మాస్టారు చెప్పినట్టే పక్కకి పిలిచి. ఆయన ఫోన్లో నిఘంటువు చూసి కీ మార్చాడు, పెద్దగా ఏమీ అనలేదు.

నేను కొన్ని వాక్యాలు రాశాను. ఇంటర్వ్యూలో కూడా వాడదామని. ఎట్టా ఉన్నాయో చూడండి.

‘మా కాలేజీ టీం పోయినేడాది ఓడిన టీం నుంచి గాంట్లెట్ అందుకుంది.’
‘బ్యాంకులో పని ఒత్తిడి ఎక్కువ, కానీ నేను గాంట్లెట్ టేక్ అప్ చేస్తాను.’
‘కొత్త మేనేజరు మూడు నెలల్లో బాకీలు సగం వసూలు చేస్తానని గాంట్లెట్ త్రో డౌన్ చేశాడు.’
‘ఆర్‌బీఐ గవర్నర్ ప్రెస్‌మీట్‌లో విలేకరుల ప్రశ్నల గాంట్లెట్ రన్ చేశారు.’

డెస్క్ మనిషి
నాలుగోది భేష్, పత్రికలో అట్లాగే వేస్తాం.

మూడోది సగం కరెక్టు. ఆయన తన మీద తాను పెట్టుకున్నది లక్ష్యం, అది గాంట్లెట్ కాదు. ‘నేను చేస్తాను, పక్క బ్రాంచి వాళ్లు చేసి చూపించండి’ అని ఉంటే అప్పుడు త్రో డౌన్.

మొదటిది అర్థమవుతుంది గానీ తిరగేసి రాశావు. ఓడిన టీం ‘ఈసారి రండి చూసుకుందాం’ అందని ముందు ఒక ముక్క రాస్తే మీవాళ్లు టేక్ అప్ చేసినట్టు నిలబడుతుంది.

రెండోది మాత్రం ఇంటర్వ్యూలో అనొద్దు. బోర్డులో కూర్చున్న పెద్దమనిషి నీకు ఉద్యోగం ఇవ్వడానికి వచ్చాడు, నిన్ను కత్తియుద్ధానికి పిలవలేదు. ఆ మాట కాస్త బరువైంది, రాతలో, రాజకీయాల్లో, ఆటల వార్తల్లో బాగుంటుంది. నోటితో చెప్పాలంటే ‘ఐయామ్ అప్ ఫర్ ద చాలెంజ్’ చాలు. అనుకోని పని మీద పడి బాగా చేశానని చెప్పాలనుకుంటే ‘ఐ రోజ్ టు ద అకేషన్’. రెండూ తేలికైన మాటలే, వినేవాళ్లకి గుచ్చుకోవు.

కావలి కుర్రోడు
అయితే ‘త్రో యువర్ హ్యాట్ ఇన్ ద రింగ్’? అదీ సిలబస్‌లో ఉంది. టోపీ కూడా విసిరేస్తే ఓటమా?

ఒంగోలు లాయరు
అది కూడా బరిలోకి దిగడమే. పాతకాలం ముష్టియుద్ధాల్లో నేనూ కొడతాను అనేవాడు జనంలోంచి టోపీని రింగులోకి విసిరేవాడు. అమెరికాలో 1912 ఎన్నికలకి థియోడర్ రూజ్‌వెల్ట్ ‘నా టోపీ రింగులో ఉంది’ అన్నాక రాజకీయాల్లో స్థిరపడిపోయింది. ఇప్పుడు ఎక్కువగా పోటీ చేస్తున్నానని ప్రకటించడానికి వాడతారు. దీనికి ఎదుటివాడు ముందు పిలవాల్సిన పని లేదు, ఖాళీగా పోస్టు ఉంటే చాలు.

పెన్నా ఇసుక
టోపీ విసిరితే బరిలోకి, తువ్వాలు విసిరితే బయటికి, తొడుగు విసిరితే గొడవకి. బాక్సింగ్‌వాళ్ల చాకలి పద్దు మొత్తం వచ్చేసింది. చెప్పు విసిరితే ఏమవుతుందో సిలబస్‌లో ఉందా?

గిత్తలబాబు
అది మన అసెంబ్లీవాళ్లని అడగాలి.

వేదిక నిర్వాహకులు
రాజకీయాల వైపు పోవద్దని మనవి. గిత్తలు, నెలోర్ సంగతి మీద మాట్లాడాలనుకునేవాళ్లకి పశుపోషణ విభాగంలో వేరే చర్చ తెరిచాను. ఇక్కడ ఇంగ్లీషు సందేహాలు కొనసాగించండి.

కావలి కుర్రోడు
ఆఖరుగా ఒక్కటి మాస్టారూ. టేక్ అప్‌కి పాస్టు ‘టుక్ అప్’ కదా, ‘గాంట్లెట్ వాజ్ టేకెన్ అప్’ అని పాసివ్‌లో రాస్తే తప్పా?

సింగరాయకొండ మాస్టారు
తప్పు కాదు. ‘ద గాంట్లెట్ హ్యాజ్ బీన్ త్రోన్ డౌన్’ అయితే మామూలుగా కనిపిస్తుంది కూడా, ఎందుకంటే పడిందన్నదే వార్త. తీసుకున్నప్పుడు మాత్రం ఎవరు తీసుకున్నారో చెప్పాలి, కాబట్టి కర్తని ముందు పెట్టు. ‘త్రోన్’లో చివర ఎన్ మరవొద్దు, మీవాళ్లు సగం మంది అక్కడే పోగొట్టుకుంటారు.